బౌంటీ మోడల్: ముక్కు దగ్గర పట్టీలు లేచిపోతున్నాయి

1:64 స్కేల్‌లో బౌంటీ అనే పాత తెరచాప ఓడ చెక్క కిట్ కడుతున్నాను. అసలు ఓడను 1784లో ఇంగ్లండ్‌లోని హల్ ఊళ్లో బొగ్గు మోయడానికి కట్టారు, అందుకే ముందుభాగం (ముక్కు) బాగా బొద్దు. నా తలనొప్పంతా అక్కడే.

ఓడ ఒంటికి అతికించే మొదటి పొర లైమ్‌వుడ్ అనే చెక్క పట్టీలు, 1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పు. పైనుంచి ఐదు బాగానే కూర్చున్నాయి. ఆరోదాన్నుంచి కింది అంచు లేచి, ఇంటి పెంకుల్లా ఒకదానిమీదికొకటి ఎక్కుతున్నాయి.

వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో వంచి, రాత్రంతా క్లిప్పులు పెట్టి ఆరనిచ్చాకే జిగురు పూశాను. ముందరి మూడు అడ్డచట్రాల (పట్టీలు అతుక్కునే లోపలి పలకల) అంచులు ఏటవాలుగా గీకాను కూడా. క్లిప్పు తీయగానే మళ్లీ అదే. పట్టీ కొస వెడల్పును 2 మి.మీ.కి సన్నం చేస్తే చీలిపోయింది (అదనపు పట్టీలు ఇక నాలుగే ఉన్నాయి).

ఇంత గుండ్రటి ముక్కుకు పట్టీ కొసను ఎన్ని మి.మీ. దాకా సన్నం చేయొచ్చు?