యాడ్ వేసిన పేపర్‌కి పాపం అంటదా?

హబ్సిగూడ నాని:
పోయిన ఆదివారం అల్మరా సర్దుతుంటే నాన్న లామినేషన్ చేయించి దాచుకున్న పేపర్ కటింగ్ దొరికింది. 2021 నాటిది. మొదటి పేజీ నిండా యాడ్. కొల్లూరు దగ్గర ముప్పై అంతస్తుల టవర్లు, ప్రీలాంచ్ ధర చదరపు అడుగు 2,999 రూపాయలు. 1,150 అడుగుల ఫ్లాట్‌కి రిటైర్మెంట్ డబ్బు 34 లక్షల 48 వేలు యూడీఎస్ కింద ఒకేసారి కట్టేశాడు. (యూడీఎస్ అంటే తెలియని అదృష్టవంతులకు: ఇంకా కట్టని బిల్డింగు కింది నేలలో వాటా ముందే మన పేరున రాస్తారు, మిగతాదంతా నమ్మకం.) ఇవాళ్టికీ అక్కడ ఒక రేకుల షెడ్డు, వెలిసిపోయిన ఫ్లెక్సీ. బిల్డర్ మీద కేసు నడుస్తోంది, ఆ సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను అడిగేది పేపర్ గురించి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేని యాడ్ మొదటి పేజీలో ఎలా వేశారు? పైగా అదే రోజు లోపలి పేజీలో అవే టవర్ల బొమ్మతో అర పేజీ వార్త. పేపర్‌కి పాపం అంటదా?

కూకట్‌పల్లి కాఫీ:
మా బావగారిదీ ఇదే కథ. షాద్‌నగర్ వైపు. ఓపెన్ ప్లాటు.

స్పేస్‌సెల్లర్:
19 ఏళ్లుగా పేపర్లకి యాడ్స్ బుక్ చేసే పని నాది, తిట్లేవో నాకే పెట్టండి. గోడ మీద పోస్టర్ అంటించారు. సినిమా ఆడకపోతే గోడ ఓనర్ టికెట్ డబ్బులు తిరిగిస్తాడా? ప్రకటనలకు మాది బాధ్యత కాదు, విచారించుకుని నిర్ణయం తీసుకోండి అని పెట్టెకట్టి మరీ వేస్తారు. మెటీరియల్ సాయంత్రం ఏడింటికి వస్తుంది, తొమ్మిదికి పేజీ వెళ్లిపోవాలి. ఆ మధ్యలో కొల్లూరు వెళ్లి పునాది తవ్వారో లేదో ఎవడు చూసొస్తాడు? ఇంకో మాట. మీరిచ్చే ఏడెనిమిది రూపాయలకి ఆ కాగితం, ఇంకు, తెల్లారేసరికి గుమ్మంలో పడేసే కుర్రాడి కమిషన్ ఏవీ గిట్టవు. మిగతాది ఎవరు కడుతున్నారనుకుంటున్నారు?

లాపాయింట్:
రెండు చట్టాలు కలిపేస్తున్నారు. 2016 రెరా చట్టం 3వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని ప్రాజెక్టుకి యాడ్ ఇవ్వడమే తప్పు, అమ్మడం దాకా పోనక్కర్లేదు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా మినహాయింపు. కానీ ఆ తప్పు ప్రమోటర్‌ది, అంటే బిల్డర్‌ది. పేపర్ సంగతి 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. తప్పుదోవ పట్టించే యాడ్ ప్రచురిస్తే 10 లక్షల దాకా జరిమానా అంటూనే, తమ వ్యాపారంలో భాగంగా మామూలుగా వేశామని రుజువు చేస్తే లేదంటుంది. యాడ్ ఆపమని సీసీపీఏ (వినియోగదారుల రక్షణకి కేంద్రం పెట్టిన సంస్థ) ఆర్డరిచ్చినట్టు ముందే తెలిసి వేస్తేనే ఆ సాకు చెల్లదు. అవునూ, కటింగ్ కింద చిన్నక్షరాలు చూశారా?

హబ్సిగూడ నాని:
చూశాను సార్. భూతద్దం పెట్టి. ‘రెరాకు దరఖాస్తు చేయబడినది’ అని ఆవగింజంత ఉంది.

స్పేస్‌సెల్లర్:
చూశారా! చెప్పే వేశారు.

లాపాయింట్:
దరఖాస్తు వేరు, రిజిస్ట్రేషన్ వేరు. నంబర్ వచ్చేదాకా యాడ్ వేయకూడదు.

కూకట్‌పల్లి కాఫీ:
ఆవగింజంత అంటే ఎన్ని పాయింట్లు?

మాజీ కంట్రిబ్యూటర్:
మీరంతా ఫాంటు దగ్గరే ఆగిపోయారు. మండలంలో పదకొండేళ్లు కంట్రిబ్యూటర్‌గా చేశా. జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన వార్తని స్కేలుతో కొలుచుకుంటే నెలకి రెండు వేలు దాటేది కాదు. ఆగస్టు 15కి, జనవరి 26కి, పేపర్ వార్షికోత్సవానికి యాడ్ టార్గెట్ మాత్రం తప్పదు. ఒక ఏడు నాది 40 వేలు. సర్పంచి, ఎరువుల షాపు, ప్రైవేటు స్కూలు అయిపోయాక రైస్ మిల్లు ఓనర్ దగ్గరికి వెళ్లా. జెండా పక్కన ఆయన ఫొటో, పదిహేను వేలు. నెల తిరక్కుండా అదే మిల్లులో రేషన్ బియ్యం లారీ దొరికింది. ఐటెం రాసి పంపా. డెస్క్ నుంచి ఫోన్. “యాడ్ డబ్బులు పూర్తిగా వచ్చాయా?” “ఐదు వేలు బాకీ సార్.” “అవి రానీ, తర్వాత చూద్దాం.” ఆ ఐటెం ఇప్పటిదాకా రాలేదు.

నానీ, యాడ్‌ని వదిలెయ్, లోపలి పేజీ వార్తని పట్టుకో. పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వార్తలా వేసేది) మీద, పత్రికల తప్పొప్పులు చూసే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో సబ్ కమిటీ వేస్తే అందులో ఒకరు మన హైదరాబాద్ జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో పేపర్ల పేర్లతో సహా రాసిచ్చారు. కౌన్సిల్ ఆ పేర్లు మింగేసి పలచటి రిపోర్టు బయటపెట్టింది. అసలుది బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పాల్సి వచ్చింది.

లాపాయింట్:
ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో యాడ్స్‌తో సహా అచ్చయిన ప్రతిదానికీ ఎడిటర్‌దే బాధ్యత అని ఉంది. బాధ్యత లేదనుకుంటే ఆ ముక్క ముందే స్పష్టంగా చెప్పాలి. అంటే ఆ పెట్టెకట్టిన ముక్కతో చెల్లు. ఒకవేళ తప్పని తేలినా కౌన్సిల్ హెచ్చరిస్తుంది, మందలిస్తుంది, అంతే.

స్పేస్‌సెల్లర్:
రైస్ మిల్లు బాధకీ దీనికీ ఏం సంబంధం? నాది సూటి ప్రశ్న. రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. చీర కొనడానికే నాలుగు షాపులు తిరుగుతాం. సేల్ అగ్రిమెంట్ లేకుండా పది శాతం మించి తీసుకోకూడదని అదే చట్టంలో ఉంది. మొత్తం ఒకేసారి అడిగినప్పుడే అనుమానం రావద్దా? మన అత్యాశకి యాడ్‌ని తిడితే ఎలా?

హబ్సిగూడ నాని:
మా నాన్నని అత్యాశ అనకు. ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపిన మనిషి. ‘పేపర్లో పడింది రా’ అన్నాడు. ఆయన తరానికి ఆ ఒక్క మాట చాలు. పొద్దున్నే టీ పెట్టుకుని సింగిల్ కాలమ్ కూడా వదలకుండా చదివేవాడు. ఆ నమ్మకాన్నే మీరు సెంటీమీటర్ల లెక్కన అమ్ముకున్నారు. గోడంటావా? గోడని ఎవడూ నెల నెలా డబ్బు కట్టి ఇంటికి తెప్పించుకోడు.

కూకట్‌పల్లి కాఫీ:
గోడ పాయింట్ బాగుంది భయ్యా.

స్ట్రీట్ నంబర్ 8:
ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు. నానీ, నేనెవరో నీకు తెలుసు. 2021 దసరా ముందు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ కటింగ్ పెట్టింది నువ్వే. ‘మేం తీసుకున్నాం, రేటు పెరిగేలోపు చూడండి’ అని కింద రాశావు. మేం పేపర్ తెప్పించుకోం. నీ మెసేజ్ చూసే కట్టాం. సైట్ ఆఫీసులో రెఫరెన్స్ గడిలో నీ పేరే రాసుకున్నారు. పేపర్ యాడ్ డబ్బు తీసుకుంది, సరే. నీకెంత వచ్చింది?

స్పేస్‌సెల్లర్:
ఇదన్నమాట సంగతి.

మాజీ కంట్రిబ్యూటర్:
మీరు మరీ సంబరపడకండి సార్.

హబ్సిగూడ నాని:
అక్కా, మీరని అర్థమైంది. 30 వేలు వచ్చాయి. నాన్నకి ఫోన్ కొనిచ్చా. అది ఎక్కడి డబ్బో ఆయనకి ఇప్పటికీ తెలియదు. తెలిసి మోసం చేయలేదక్కా, నేనూ ఆ యాడ్ చూసి నమ్మినవాణ్నే.

స్ట్రీట్ నంబర్ 8:
పేపర్ వాళ్లూ అదే అంటారు నానీ.

లాపాయింట్:
కమిషన్ తీసుకుని అమ్మిపెట్టేవాళ్లు ఏజెంట్లుగా రిజిస్టర్ కావాలని రెరా 9వ సెక్షన్‌లో ఉంది. కాలనీలో మెసేజ్ పెట్టిన మనిషి ఆ లెక్కలోకి వస్తాడా అన్నది వేరే చర్చ. కావాలంటే కొత్త థ్రెడ్ తెరుస్తా.

కూకట్‌పల్లి కాఫీ:
వద్దు సార్.

హబ్సిగూడ నాని:
అక్కా, రేపు సాయంత్రం ఇంట్లో ఉంటారా? వస్తాను.

స్ట్రీట్ నంబర్ 8:
ఉంటాం. ఆ కటింగ్ తీసుకురా. వకీలు అడుగుతున్నారు. మా దగ్గర నీ మెసేజ్ తప్ప ఇంకేమీ లేదు.