అప్‌డేట్: తాండూరు బండలు ఉంచేశాము, గోడల రంగు తేలింది

మా పాత ఇంటి హాల్లోని నీలి తాండూరు బండలను తీసి విట్రిఫైడ్ టైల్స్ వేయించాలా, ఉంచితే గోడలకు ఏ రంగు నప్పుతుందని ఇదివరకు అడిగాను. బండలను ఉంచి పాలిష్ పట్టించమనీ, గోడలకు మళ్లీ నీలం వద్దనీ ఎక్కువమంది సూచించారు, అలాగే చేశాము.

రంగుల చక్రంలో నీలానికి ఎదురుగా నారింజ ఉంటుంది కనుక, నీలి బూడిద ఛాయ గల బండ పక్కన టేకు సహజ వర్ణం మరింత తేటగా కనబడుతుందని మీలో ఒకరు రాసిన మాట, ద్వారబంధాలపై ఏళ్లుగా పేరుకున్న ఎనామిల్ పెయింటును గీకించి పాలిష్ వేయించిన తరువాత కళ్లారా చూశాను. మూడు గోడలకు మీగడ రంగు, ఒక్కదానికి ఇటుక రంగు వేయించాము. నాలుగింటికీ ఇటుక రంగే కావాలని మావారు పట్టుబట్టారు గానీ, ఎదురెదురు రంగులు సమపాళ్లలో ఉంటే ఒకదానితో ఒకటి పోటీ పడతాయన్నది నా అభిప్రాయం.

వంటగట్టు విషయంలో రంగు కన్నా రాయి గుణమే ముఖ్యమైంది. తాండూరు బండ, కడప బండ రెండూ సున్నపురాయి జాతివే కాబట్టి, చింతపులుసు, నిమ్మరసం పడితే మెరుపు పోయి మరకలు మిగులుతాయి. అందువల్ల అక్కడ నల్ల గ్రానైట్ వేయించాము.

బండల సందులకు తెల్ల సిమెంటు బదులు బూడిద రంగు గ్రౌటు వాడాము. కర్టెన్లు ఇంకా కొనలేదు. మంగళగిరి నూలులో ఆవపిండి రంగు కోసం చూస్తున్నాము.