"మొక్కై వంగనిది మానై వంగునా" సామెత 35 ఏళ్ళ కొత్త పిచర్‌కి వర్తిస్తుందా?

జిమ్ మోరిస్ గురించి మొన్న ఇక్కడ ఒకరు పెట్టిన పోస్టు చూశాను. 35 ఏళ్ళకి మొదటిసారి మేజర్ లీగ్ బేస్‌బాల్ (అమెరికాలో అన్నిటికంటే పై మెట్టు లీగ్) ఆడాడు కాబట్టి "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న మన సామెత తప్పని తేలిపోయింది అని రాశారు, కింద అందరూ అవునవును అన్నారు. నాకు ఒప్పబుద్ధి కాలేదండీ. సామెత తప్పు కాదు, దాన్ని వయసు మీదకి లాగడం తప్పు.

ముందు మనిషి సంగతి చెప్తాను, తెలియనివాళ్ళు ఉంటారు. మోరిస్ ఎడంచేతి వాటం పిచర్, అంటే బేస్‌బాల్‌లో బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. 1983 జనవరి డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, మిల్వాకీ బ్రూవర్స్ టీమ్ తీసుకుంది, అప్పటికి దాదాపు 19 ఏళ్ళు. తర్వాత చెయ్యి దెబ్బతిని ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, మేజర్ లీగ్ కింద ఉండే చిన్న లీగుల్లో కూడా కింది మెట్టు దాటలేకపోయాడు, ఆట మానేశాడు. టెక్సాస్‌లో బిగ్ లేక్ అనే చిన్న ఊళ్ళో హైస్కూల్ సైన్స్ మాస్టారయ్యాడు, అక్కడి పిల్లలకి బేస్‌బాల్ కోచ్ కూడా. 1999లో ఆ పిల్లలే పందెం కట్టారు, మేము డిస్ట్రిక్ట్ టైటిల్ గెలిస్తే మీరు మళ్ళీ ట్రయల్స్‌కి వెళ్ళాలి సార్ అని. గెలిచారు. ఈయన మాట ప్రకారం వెళ్ళి గంటకి 98 మైళ్ళ వేగంతో, అంటే దాదాపు 158 కిలోమీటర్లు, వరసపెట్టి విసిరాడు. కుర్రప్పుడు కూడా అంత వేగం లేదు ఆయనకి. టాంపా బే డెవిల్ రేస్ వాళ్ళు సంతకం చేయించుకుని చిన్న లీగులకి పంపారు, మూడు నెలలు తిరిగేసరికి పెద్ద టీమ్‌లోకి పిలిచారు. సెప్టెంబర్ 18, ఆర్లింగ్టన్‌లో, టెక్సాస్ రేంజర్స్ మీద. సొంత రాష్ట్రంలోనే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ (మధ్యలో దిగే పిచర్లు చెయ్యి కాచుకునే చోటు) నుంచి వచ్చి రేంజర్స్ బ్యాటర్ రాయిస్ క్లేటన్‌ని నాలుగు బంతుల్లో స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని సరిగ్గా కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు.

ఇప్పుడు సామెత దగ్గరికి. అందులో క్రియ ఏంటి? వంగడం. ఎదగడమూ కాదు, కాయడమూ కాదు. అలవాటు, అణకువ, నేర్పు చిన్నప్పుడే పట్టాలి అని పిల్లల్ని పెంచేవాళ్ళకి చెప్పే మాట అది. మోరిస్ మొక్కగా వంగినవాడే కదా, దాదాపు 19 ఏళ్ళకే డ్రాఫ్ట్ అయినవాడు. అతనికి రానిది అవకాశం, విద్య కాదు. కాబట్టి ఈ కథ సామెతని కొట్టెయ్యట్లేదు, ఇంకా బలపరుస్తోంది. 30 దాటాక గవర్నమెంట్ పరీక్షలకి చదివేవాళ్ళని, 40కి సంగీతం మొదలుపెట్టినవాళ్ళని ఈ సామెతతో పొడవడం నేను చాలా ఇళ్ళల్లో విన్నాను, వింటే బాధేస్తుంది. సామెత వాళ్ళ గురించి కాదు.

ఇక ఇలాంటి మనిషికి తెలుగులో సరిపడే మాట కావాలంటే విరాటపర్వం ఉండనే ఉంది. గాండీవాన్ని జమ్మిచెట్టు మీద పెట్టి, ఊళ్ళోకెళ్ళి బృహన్నలగా రాజుగారి అమ్మాయికి నాట్యం నేర్పుకుంటూ ఉన్నవాడు సమయం రాగానే వెళ్ళి ఆయుధం దించుకున్నాడు. పిల్లలకి పాఠం చెప్పుకునే మాస్టారు మళ్ళీ బంతి పట్టడం అచ్చం అలాగే ఉంది. "జమ్మిచెట్టు మీది ఆయుధం దించాడు" అని రాస్తే తెలుగువాళ్ళెవరికీ వివరించక్కర్లేదు.

కామెంట్: బావుందండీ. అయితే అర్జునుడి దాకా వచ్చాం కాబట్టి ఎడంచేతివాడు గనక సవ్యసాచి అనేయొచ్చుగా?

జవాబు: అనకూడదండీ. సవ్యసాచి అంటే రెండు చేతులతోనూ బాణం వెయ్యగలవాడు. జమ్మిచెట్టు దగ్గర ఉత్తరుడికి తన పది పేర్లూ చెప్పేటప్పుడు అర్జునుడే ఆ అర్థం చెప్తాడు, పిడుగు పడ్డప్పుడు మనం అర్జునా ఫల్గుణా అనుకునేది ఆ పేర్లే. మోరిస్ విసిరేది ఒక్క ఎడంచేత్తోనే. కాకపోతే ఇంకో చక్కటి సంగతుంది, సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, పితృకార్యంలో కుడి భుజం మీదకి మార్చుకుంటే అపసవ్యం. మామూలుగా ఉండే తీరు అదే కాబట్టి సవ్యం అంటే సరైనది అయిపోయిందేమో. మనం రోజూ "పని సవ్యంగా జరిగింది" అంటాం, అందులో ఎడమ ఉందని ఎవరికీ గుర్తుండదు. ఎడమ అంటే చెడు అనేవాళ్ళకి చూపించండి ఇది. "అంత పెద్ద పనిని ఎడంచేత్తో చేసేశాడు" అనడం కూడా పొగడ్తే కదా.

కామెంట్: మా దిక్కు నాగలికి కట్టిన ఎడ్లల్ల ఎడమ దిక్కుదాన్ని దాపటెద్దు, కుడి దిక్కుదాన్ని ఎలపటెద్దు అంటరు. మా తాత చెప్పెటోడు, దాపట అలవాటైనదాన్ని ఎలపట కడితె సాలు తప్పుతది అని. గీ మాటలు గిప్పుడు పిల్లలకు ఎర్కలేవు అన్నా. గా బేస్‌బాల్ల ఎడంచేతోనికి అంత గిరాకీ ఎందుకు? ముప్పై అయిదేండ్లోన్ని తీస్కపోయిండ్రంటె ఏదో ఉన్నట్టే గద?

జవాబు: అన్నా, దాపట ఎలపట గుర్తుచేసినందుకు చాలా సంతోషం. పాత తెలుగులో డాకాలు అంటే ఎడమకాలు, వలకేలు అంటే కుడిచెయ్యి, మీ తాతగారి మాటలు ఆ కుదురువే. గిరాకీ సంగతి, ఎడంచేతి బ్యాటర్‌కి ఎడంచేతి పిచర్ వేసే మెలిక బంతి అవతలికి పోతుంది, అందటం కష్టం. అందుకని ఒక్క ఎడంచేతి బ్యాటర్ కోసమే రిలీవర్‌ని, అంటే మధ్యలో మారి వచ్చే పిచర్‌ని, దింపి, వాడు అవుటవ్వగానే మార్చేసేవాళ్ళు. 2020 నుంచి కనీసం ముగ్గురు బ్యాటర్లకి వెయ్యాలి, లేదా ఆ ఇన్నింగ్స్ పూర్తవ్వాలి అని రూల్ పెట్టారు. అదీకాక అప్పట్లో సెప్టెంబర్ ఒకటి దాటితే టీమ్ 25 నుంచి 40 మందిదాకా పెంచుకోవచ్చు, మోరిస్‌ని పిలిచింది ఆ నెలలోనే.

కామెంట్: రూకీ అంటే కుర్రాడు అనే కదా అర్థం? 35 ఏళ్ళవాణ్ణి రూకీ అంటే వినడానికి ఎలాగో ఉంది. తెలుగులో ఏం రాయాలి?

జవాబు: రూకీ అంటే లీగ్‌కి కొత్తగా వచ్చినవాడు, కుర్రాడు అని ఎక్కడా లేదు మేడం. వాళ్ళ లెక్కలో పిచర్ అయితే మేజర్ లీగ్‌లో 50 ఇన్నింగ్స్ దాటకుండా ఉండాలి, టీమ్‌లో ఉన్న రోజులకీ ఒక పరిమితి ఉంది, వయసు ఊసే లేదు. 1948లో సాచెల్ పెయిజ్ అనే పిచర్ క్లీవ్‌లాండ్ టీమ్‌కి ఆడేటప్పటికి 42 ఏళ్ళు, అంతకుముందు చాలా ఏళ్ళు నల్లజాతి ఆటగాళ్ళని మేజర్ లీగ్‌లోకి రానివ్వలేదు కాబట్టి ఆయనా ఆ వయసులో కొత్తవాడే. 2000లో అమెరికన్ లీగ్ ఉత్తమ రూకీ కజుహిరో ససాకి, అప్పటికే జపాన్‌లో పెద్ద పేరు, వయసు 32. అందుకే యువ ఆటగాడు, కుర్ర బౌలర్ అని పత్రికల్లో రాసేస్తే తప్పవుతుంది. "కొత్తగా అడుగుపెట్టిన" చాలు. మన ఊళ్ళల్లో అరవయ్యేళ్ళాయన సర్పంచ్‌గా మొదటిసారి గెలిచినా కొత్త సర్పంచే అంటాం, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

కామెంట్: చివరికి ఎన్నాళ్ళు ఆడాడండీ?

జవాబు: 2000 మే దాకా. రెండు సీజన్లలో కలిపి 21 మ్యాచ్‌లు, 15 ఇన్నింగ్స్, 13 స్ట్రైకౌట్లు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. తక్కువే అంటారు కొందరు, నేను అననండీ, పదేళ్ళు బంతి పక్కనపెట్టిన చేత్తో మేజర్ లీగ్ బ్యాటర్లకి ఒక్క ఇన్నింగ్స్ వెయ్యడమే చాలా పెద్ద విషయం. ఎడమచేతికి పుర్రచెయ్యి అని కూడా అంటారు కదా, ఆ మాట ఏయే జిల్లాల్లో మామూలుగా వాడతారో, ఎక్కడైనా తిట్టులా వినిపిస్తుందో తెలిసినవాళ్ళు కింద రాయండి.