ఎల్ అనాట్సుయి మూతల తెర: మాది రేకులా బిగుసుకుపోయింది, మడత పడటం లేదు

పలకబలపం:
మా ఆర్ట్ కాలేజీ ప్రదర్శనలో ఆఫ్రికా సమకాలీన కళకు ఒక గోడ కేటాయించారు. సీసా మూతలను తీగతో అల్లి పెద్ద తెరలు చేసే ఘనా శిల్పి ఎల్ అనాట్సుయి పద్ధతి ఎలా ఉంటుందో చూపడానికి మందు సీసాల అల్యూమినియం మూతలతో 4 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు నమూనా మొదలుపెట్టాం. మూతల పక్క గోడను చీల్చి, పట్టీలు చేసి, ఇటుకల వరసలా అడ్డంగా పేర్చి, రాగి తీగతో గట్టిగా మెలిపెట్టాం. ఒక చదరపు అడుగు పూర్తయింది. ఎత్తి చూస్తే రేకు తలుపులా నిలబడుతోంది. మ్యూజియం ఫోటోల్లో గుడ్డలా జారుతుంది కదా, తేడా ఎక్కడ వస్తోంది? మొత్తం ఎన్ని మూతలు, ఎంత తీగ పడుతుంది? గోడకు ఎలా తగిలించాలి? మడతలు ఎక్కడ పడాలో కళాకారుడే గీసి ఇస్తాడా? పక్కన పెట్టే చీటీలో "రీసైకిల్ కళ" అని రాస్తే సరిపోతుందా?

దబ్బనం:
తప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి ఇటుకల వరస. గోడ కూలకుండా ఉండాలనే కదా ఇటుకను అలా పేరుస్తాం! కింది వరస అతుకు మీద పై వరస పట్టీ మధ్యభాగం కూర్చుంటే, పైనుంచి కిందికి తిన్నగా మడతపడే గీత ఎక్కడా మిగలదు. పట్టీలను నిలువుగా పెట్టండి, అతుకులన్నీ ఒకే గీతలోకి రానివ్వండి. అప్పుడు ప్రతి 2 సెంటీమీటర్లకు ఒక కీలు దొరుకుతుంది. కుచ్చిళ్లు పడేది ఆ కీళ్ల దగ్గరే.

రెండోది ముడి. తీగను రెండు రంధ్రాల్లోంచి తెచ్చి, రెండు పట్టీల మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉంచి, వెనకవైపు ఒకటిన్నర లేదా రెండు మెలికలు వేసి ఆపేయండి. వేలితో కదిపితే పట్టీ తలుపులా అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు మెలికలు వేసి బిగిస్తే సందు మూసుకుపోతుంది, పైగా రాగి మెలిపెట్టిన కొద్దీ గట్టిపడి పెళుసవుతుంది. ఇవాళ బాగానే ఉంటుంది, నాలుగోసారి మడిచినప్పుడు ముడి మొదట్లోనే తెగుతుంది. తోకను 3 మిల్లీమీటర్లకు కత్తిరించి వెనక్కి వంచండి, లేకపోతే పక్క పట్టీ మీది రంగును గీరేస్తుంది.

లెక్క. 30 మిల్లీమీటర్ల వ్యాసం, అంతే ఎత్తు ఉన్న మూత పక్క గోడ చీలిస్తే సుమారు 94 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు వస్తుంది. రెండు అంచులూ 5 మి.మీ. చొప్పున లోపలికి మడిస్తే 20 మి.మీ. మిగులుతుంది. మీ కొలతకు నిలువు పట్టీలు 41 వరసలు, ఒక్కో వరసలో 13. అంటే 533. చినిగేవి, నొక్కులు పడేవి కలిపి 600 మూతలు పోగేయండి. ముడులు సుమారు 2,000. ముడికి 5 సెం.మీ. వేస్తే 100 మీటర్ల తీగ, 24 గేజ్‌లో పావుకిలో లోపే. మోటారు వైండింగ్ షాపుల్లో దొరికే ఎనామెల్ తీగ (పైన సన్నటి పూత ఉన్న రాగి తీగ) తీసుకోండి. ఉత్త రాగి అల్యూమినియానికి తగిలి, గాలిలో తేమ ఉంటే, రంధ్రం చుట్టూ తెల్ల పొడి కట్టి అల్యూమినియం తినేసుకుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది.

రంధ్రాలు అంచు మడిచాకే వేయాలి, అప్పుడు రెండు పొరలు కలిసి తీగ లాగుడును తట్టుకుంటాయి. కింద చెక్క పెట్టి దబ్బనంతో గుచ్చండి. అంచుకు కనీసం 4 మి.మీ. లోపలికి ఉండాలి, ఒకే రంధ్రంలో రెండు తీగలు దూరాలి కాబట్టి 1.5 మి.మీ. వెడల్పు కావాలి. కూల్‌డ్రింక్ సీసాల పళ్ల మూతలు కలపకండి, అవి ఇనుప రేకు, తుప్పు పడతాయి. మూత లోపలి ప్లాస్టిక్ బిళ్ల తీసేసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. కత్తిరించిన అంచు బ్లేడుతో సమానం, చేతి తొడుగులు లేకుండా పిల్లల్ని కూర్చోబెట్టకండి.

అడుగు చొప్పున విడి ముక్కలు చేసుకుని చివర్లో కలపండి. నైజీరియా పట్టణం న్సుక్కాలోని అనాట్సుయి స్టూడియోలో కూడా సహాయకులు చిన్న చిన్న ముక్కలు అల్లుతారు, ఆయన వాటిని నేల మీద పరిచి, జరిపి, ఫోటోలు తీసి చూసుకుంటూ కూర్పు తేలుస్తాడు.

గోడమేకు:
తగిలించడం గురించి. మడతల పటం ఏదీ ఉండదు. అనాట్సుయి తన పనికి స్థిరమైన ఆకారం లేదని మొదటి నుంచీ చెబుతున్నాడు, వేలాడదీసేవాళ్ల చేతికే ఆ స్వేచ్ఛ వదిలేస్తాడు. అందుకే ఒకే తెర ఒక మ్యూజియంలో నదిలా, ఇంకో చోట కొండ అంచులా కనిపిస్తుంది. నాకు ఈ పనుల్లో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. పెట్టెలోంచి తీసిన ప్రతిసారీ బొమ్మ మళ్లీ పుడుతుంది, తగిలించేవాడు కూడా అందులో పాలుపంచుకుంటాడు.

మీకు పనికొచ్చే క్రమం ఇది. నేల మీద మెత్తటి ప్లాస్టిక్ షీటు పరిచి, తెరను బోర్లా వేసి, ముడులన్నీ వేలితో తడిమి చూడండి. తెగినవి అప్పుడే మార్చాలి, గోడ మీదికి వెళ్లాక చేయి అందదు. పై అంచును రెండు మూలల్లో మాత్రమే పట్టుకుని ఎత్తకండి. బరువు కిలోకు కాస్త ఎక్కువే, కానీ ఆ బరువంతా రెండు రంధ్రాల మీద పడితే అవి చీలిపోతాయి. పై వరస పొడవునా ఒక చెక్కపట్టీకి 15 సెం.మీ. కో చోట వదులుగా కట్టి, ఆ పట్టీతో సహా ఎత్తండి.

గోడ మీద ముందు మధ్యభాగం నిలపండి, తర్వాత పక్కలు. ఉబ్బు కావలసిన చోట వెనక మందపాటి ఫోమ్ ముక్క గానీ చెక్క దిమ్మ గానీ పెట్టి, సన్న మేకును పట్టీల మధ్య సందులోంచి కొట్టండి. పట్టీని పొడిచి మేకు దిగ్గొట్టొద్దు. ఒక మాట ముందే చెప్పాలి: మడతలు వెడల్పును తినేస్తాయి. కిటికీ తెర గుడ్డ కొన్నట్టే లెక్క వేసుకోండి. గోడ మీద 3 అడుగులు కనపడాలంటే 4 అడుగుల వెడల్పు అల్లాలి, అంటే మూతలు 800 దగ్గరికి వెళ్తాయి.

దీపం ఎదురుగా పెడితే చదునుగా, వస్త్రదుకాణం బోర్డులా కనిపిస్తుంది. పక్కనుంచి, పై మూల నుంచి వెలుతురు పడాలి, అప్పుడే మడత లోయలో నీడ నిలుస్తుంది.

పలకబలపం:
చాలా ఉపకారం చేశారు. ఇటుకల వరస విప్పేస్తున్నాం. చీటీ మాట మిగిలింది.

పడుగుపేక:
"రీసైకిల్ కళ" అని రాయొద్దు. చెత్త పోగుచేసి అందం చేశాడు అన్నంత వరకే చెప్పి, అసలు సంగతి వదిలేసినట్టవుతుంది. ఆ చిన్న పట్టీని దగ్గరగా చూడండి: దాని మీద నైజీరియా మద్యం బ్రాండు పేరు సగం తెగి ఉంటుంది. యూరప్ వర్తకులు పశ్చిమ ఆఫ్రికా తీరానికి తెచ్చి సరుకుగా మార్చుకున్న వాటిలో మద్యం ఒకటి, ఆ సరుకుకు బదులు పట్టుకుపోయిన వాటిలో మనుషులు ఉన్నారు. కరీబియన్ చెరకు తోటల్లో వాళ్ల చేత చేయించిన పని మళ్లీ రమ్‌గా తిరిగొచ్చింది. మూతను ఎంచుకోవడంలోనే ఆ చరిత్రంతా ఉంది.

అనాట్సుయి పుట్టింది 1944లో, ఘనాలోని అన్యాకోలో. ఎవే జాతివాడు. ఇంట్లో తండ్రి, అన్నదమ్ములు కెంటే అనే రంగురంగుల పట్టీల బట్ట నేసేవారు. 1975 నుంచి న్సుక్కాలోని నైజీరియా విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించాడు. 1998లో న్సుక్కా దగ్గర మూతల సంచి ఒకటి దొరికింది, ఈ తెరలకు మొదలు అదే. బ్రిటిష్ మ్యూజియంలోని "మ్యాన్స్ క్లాత్", "ఉమన్స్ క్లాత్" 2001 నాటికి పూర్తయ్యాయి. 2007లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో "దుసాసా" తెరలతో ప్రపంచం తిరిగి చూసింది, 2015లో అక్కడే జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చారు. లండన్ టేట్ మోడర్న్ టర్బైన్ హాల్లో 2023 అక్టోబరు నుంచి 2024 ఏప్రిల్ వరకు ఆయన తెరల ప్రదర్శన "బిహైండ్ ద రెడ్ మూన్" జరిగింది. మొదటి తెర ఎర్ర చంద్రుడున్న ఓడ తెరచాప.

మన పాఠకులకు ఇంకో ముడి కూడా చెప్పొచ్చు. ఆ వర్తకంలో పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లిన సరుకుల్లో కోరమాండల్ తీరపు నూలు బట్ట కూడా ఉంది. నైజర్ డెల్టాలోని కలబారీ వాళ్లు మద్రాసు గళ్ల బట్టను కొని, అందులోంచి దారాలు కోసి తీసేసి, "పెలెటే బిటే" అనే తమ సొంత బట్టగా మార్చుకున్నారు. వచ్చిన సరుకును తీసుకుని తనదైన వస్త్రం చేసుకోవడం అక్కడ కొత్త కాదు.

చీటీలో ఇలా రాయండి: "ఎల్ అనాట్సుయి పద్ధతి తెలుసుకోవడానికి విద్యార్థులు చేసిన నమూనా. అల్యూమినియం మూతలు, రాగి తీగ." ఆయన పేరు కింద బొమ్మ పేరు పెట్టకండి, నకలు అనుకుంటారు.

గోడమేకు:
ఇంకొకటి మర్చిపోయాను. వదులు ముడులన్నీ బరువుకు సర్దుకుని రాత్రికి రాత్రి తెర కొంచెం కిందికి దిగుతుంది. అందుకని కింది అంచును నేలకు కనీసం అరచేయంత ఎత్తున ఉంచి, రెండోరోజు ఉదయం మడతలు మళ్లీ సవరించాకే దీపాలు బిగించండి. విప్పేటప్పుడు ప్రతిసారీ ఒకే గీత మీద మడవకండి. మడతల మధ్య పల్చటి ఫోమ్ షీటు పెట్టి దాచండి. దుమ్ము దులపడానికి మెత్తటి బ్రష్ చాలు, తడి గుడ్డ వద్దు.