సమస్య: పాత్ర లెక్కువైన పాప మొదవు

సింహపురి:
ఈసారి సమస్యగా ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నా (‘ఒదవు’ అంటే కలుగుతుంది), పై మూడు పాదాలూ మీరు పూరించాలి. మొన్న నెల్లూరు చిన్నబజారులో స్టీలు సామాన్ల కొట్టు ముందు నిలబడి ఉంటే తట్టింది. గిన్నెలూ బిందెలూ పైకప్పు దాకా పేర్చితేనే కొట్టుకు కళ, అదే ‘పాత్ర’ బౌద్ధ భిక్షువు చేతిలోకి వచ్చేసరికి ఒక్కటే ఉండాలి. రెండర్థాల్లో ఏదైనా పట్టుకోండి, రెండూ కలిస్తే మరీ సంతోషం.

కావలి తమ్ముడు:
అంగడులను మెరయు నద్దాల వెనకాల
పేర్చినట్టి సరుకు పేరుకొనియె
అప్పు తెచ్చి నింపు నత్యాశ షాపులో
పాత్ర లెక్కువైన పాప మొదవు

పొదిలి మాస్టారు:
గణాలు, యతులు సరిపోయాయి నాయనా. ‘పేర్చి’, ‘పేరుకొనియె’ పక్కపక్కన బాగా పడ్డాయి. కానీ సరుకు అమ్ముడుపోకపోతే వచ్చేది నష్టం, పాపం కాదు. సమస్యలో ముడి అక్కడే ఉంది, అది విప్పకుండా దాటేశావు.

ఒంగోలు అక్క:
భిక్షువునకు నొకటె భిక్షకై చాలును
పదిదినాలు దాటి పట్టుకొన్న
వినయ పిటక మనును విడువంగ వలెనని
పాత్ర లెక్కువైన పాప మొదవు

పొదిలి మాస్టారు:
ముడి విడిపోయిందమ్మా! అదనపు పాత్రను పది రోజులకు మించి ఉంచుకుంటే దాన్ని సంఘానికి వదిలేసి తప్పు ఒప్పుకోవాలి, వినయ పిటకం, అంటే బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం, చెప్పేది అదే. ఉన్న పాత్రకు అయిదు అతుకులు పడకముందే కొత్తది అడగటమూ తప్పే. వినయంలో దీన్ని ‘ఆపత్తి’, అంటే నియమం తప్పడం, అంటారు, మన ‘పాపం’ అంత బరువైన మాట కాదు, అయినా సమస్యలోనే ఆ మాట ఉంది కాబట్టి మీ తప్పు లేదు. రెండో పాదంలో మాత్రం పట్టుకొన్నది ఏమిటో తెలియడం లేదు, కర్మ పదం కావాలి.

గుండ్లకమ్మ:
మాది దొనకొండ వైపు, చందవరం స్తూపం దగ్గరే. చిన్నప్పటినుంచి ఆ గుట్ట ఎక్కుతూనే ఉన్నా, అక్కడ తిరిగిన భిక్షువుల చేతిలో ఏముండేదో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. ఇదిగో నాది:

వెదురు గడను గట్టి వ్రేలాడు చందన
పాత్ర నెగిరి తెచ్చె బౌద్ధుఁ డొకఁడు
పగులఁ గొట్టుఁ డనెను భగవానుఁ డా మెప్పు
పాత్ర లెక్కువైన పాప మొదవు

కావలి తమ్ముడు:
అన్నా, ఈ కథేంది?

గుండ్లకమ్మ:
వినయ పిటకంలోని చుల్లవగ్గం అనే భాగంలోది తమ్ముడూ. రాజగృహంలో ఒక సెట్టి గంధపు చెక్కతో పాత్ర చేయించి వెదుళ్ల మీద ఎత్తుగా కట్టించి, ఋద్ధి (అద్భుత శక్తి) ఉన్న అర్హతుడు, అంటే ముక్తి పొందినవాడు, ఎవరైనా తీసుకోవచ్చన్నాడు. పిండోల భారద్వాజుడనే భిక్షువు గాల్లోకి లేచి తెచ్చాడు. బుద్ధుడు మందలించి, గృహస్థులకు ఋద్ధులు చూపించవద్దన్నాడు, ఆ పాత్రను పగలగొట్టి కంటి కాటుకలో సువాసనకు నూరుకోమన్నాడు. చెక్క, బంగారం, వెండి, రాగి, గాజు ఇవన్నీ వద్దని, మట్టి, ఇనుము రెండే ఉంచాడు. ఈ కాలం భిక్షువుల్లో చాలామందివి స్టీలు పాత్రలే, మన చిన్నబజారు లోహమే.

పొదిలి మాస్టారు:
‘మెప్పు పాత్రలు’ అని మూడో పాదం చివర ముడివేయడం నాకు చాలా నచ్చింది. సెట్టి కట్టించింది ఒక్క పాత్రనే, ‘ఎక్కువైన’ దగ్గర కొంచెం లాగాల్సి వచ్చింది. అయినా సెట్టి ప్రదర్శన, భిక్షువు నియమం రెండూ ఒకే పద్యంలో ఎదురెదురు నిలబడ్డాయి. ఈ వారం నా ఓటు దీనికే.

ఒంగోలు అక్క:
నాదీ అంతే. మాస్టారూ, నా రెండో పాదం ఇలా మార్చా, చూడండి:
పదిదినాలు మించఁ బైది యున్న

పొదిలి మాస్టారు:
ఇప్పుడు కుదిరింది. యతి కూడా పోలేదు.