పాత రక్షిత మిద్దెను బాగుచేయించడానికి ఎలాంటి కాంట్రాక్టరును ఎంచుకోవాలి?

మిద్దె వారసుడు:
ఉదయం నుండి ఏడుగురు కాంట్రాక్టర్లతో మాట్లాడినా ఏమీ తేలక ఇక్కడ రాస్తున్నాను. మా ముత్తాత కట్టించిన మట్టిమిద్దె రెండు చోట్ల కురుస్తోంది, పడసాలలో ఒక దూలానికి చెదలు పట్టింది, వీధివైపు గోడ సున్నం పెచ్చులుగా రాలుతోంది. ఇల్లు రక్షితం కనుక ముట్టుకోకూడదని ఇరుగుపొరుగు వారు భయపెడుతున్నారు. ఒక కాంట్రాక్టరు మొత్తం పడగొట్టి స్లాబు వేద్దామన్నారు. మరొకరు ఇల్లు చూడకుండానే చదరపు అడుగుకు ధర చెప్పారు. సున్నం పని అనగానే ఇంకొకరు ఫోను పెట్టేశారు. ఎవరిని నమ్మాలి, ఏం అడిగి ఎంచుకోవాలి? వానలు రాకముందే పని మొదలుపెట్టాలి.

కర్నూలు ఇంజనీరు:
ఏ ఊరు? రక్షితమని రాతపూర్వకంగా చెప్పినదెవరు? కేంద్ర పురావస్తు శాఖా, రాష్ట్ర శాఖా? ఇవి తెలియకుండా జవాబు లేదు.

సున్నపు గానుగ:
కాంట్రాక్టరు ఎవరైనా సరే, సిమెంటును మాత్రం ఇంటి గడప దాటనివ్వకండి. మట్టితో, సున్నంతో కట్టిన పాత గోడ నేలలోని తేమను పీల్చుకుని తిరిగి గాలికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూత వేస్తే తేమకు దారి మూసుకుపోయి, అందులోని ఉప్పు పూత వెనకాలే పేరుకుని, చివరకు పూతతోపాటు గోడ పైపొరను కూడా ఊడదీస్తుంది. మా ఇంటికి మేమే ఈ పొరపాటు చేసి, తరువాత మూడేళ్లు బాధపడ్డాము. సున్నాన్ని నీళ్లలో విరగబెట్టి వారాల తరబడి నాననివ్వాలి, ఇసుకతో కలిపి గానుగలో ఆడించాలి, పూత వేసిన తరువాత తడి గోనెలు కప్పాలి. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుంటూ గట్టిపడుతుంది కనుక, మన ఎండకు ఒక్కరోజులో ఆరిపోతే పొడిపొడిగా రాలిపోతుంది. వచ్చిన ప్రతి మేస్త్రీనీ సున్నం ఎన్నాళ్లు నానబెడతారని అడగండి. తడుముకునేవారికి పని అప్పగించకండి.

మిద్దె వారసుడు:
ఊరు చెప్పకపోవడం నా పొరపాటు. మాది గుత్తి. ఇంటికి శాఖవారి బోర్డు ఏమీ లేదు కానీ, కోట కింద ఉంది. దగ్గరి బురుజుకు నూటయాభై అడుగులు ఉంటుందేమో.

కర్నూలు ఇంజనీరు:
అయితే మీ ఇల్లు రక్షిత కట్టడం కాదు, రక్షిత కట్టడం పక్కనున్న ఇల్లు. గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలపు సరిహద్దు నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, అక్కడి నుండి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత బురుజు నుండి కాదు, సరిహద్దు నుండి. ఇల్లు 1992 జూన్ 16కు ముందే ఉన్నదైతే నిషిద్ధ ప్రాంతంలో కూడా మరమ్మతుకు అనుమతి కోరవచ్చు. పాత దస్తావేజు, పన్ను రసీదులు వెతికిపెట్టుకోండి.

తెలుగు పంతులు:
ఇలాంటి పనికి మనకు 'జీర్ణోద్ధరణ' అనే చక్కని మాట ఉండగా మరమ్మతు అనడం ఎందుకు? శిథిలమైన దానిని తిరిగి నిలబెట్టడమే కదా ఇక్కడ జరగవలసింది.

కర్నూలు ఇంజనీరు:
మాట మంచిదే కాని, దరఖాస్తులో ప్రమాదం. ఉన్న పొడవు, వెడల్పు, ఎత్తు మారకుండా తిరిగి కట్టినా చట్టం దానిని పునర్నిర్మాణంగానే లెక్కిస్తుంది, నిషిద్ధ ప్రాంతంలో దానికి అనుమతి లేదు. కాంట్రాక్టరు అంచనా పత్రంలో 'తిరిగి కట్టుట' అని ఒక్క ముక్క ఉన్నా చిక్కే.

తెలుగు పంతులు:
గుడులకు వాడినప్పుడు జీర్ణోద్ధరణకు ఆ అర్థం లేదని మాత్రం మనవి చేస్తున్నాను.

సిద్ధవటం గృహిణి:
అన్నగారూ, అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నాకు తెలిసినది చెబుతాను. మేస్త్రీ నిన్న ముగించిన పనిని కాదు, కనీసం రెండు వానాకాలాలు తడిసిన పనిని వెళ్లి చూడండి, ఆ ఇంటివారితో ఆయన లేనప్పుడు మాట్లాడండి. చదరపు అడుగు లెక్కకు ఒప్పుకోకండి. పాత ఇంట్లో పెచ్చు తీస్తే తప్ప లోపల ఏముందో తెలియదు కనుక దూలానికి ఇంత, పూతకు ఇంత, మిద్దెమీద చవుడు మన్ను పరచడానికి ఇంత అని విడివిడిగా రాయించుకోండి. వీధిగోడ మీద మూరెడు మేర నమూనా పూత వేయించి, నెలరోజులు చూసిన తరువాతే బయానా ఇవ్వండి. దూలం మార్చేటప్పుడు దానిమీద ఆనిన అడ్డకర్రలకు, అంటే దంతెలకు, కింద ఊతకర్రలు ఎక్కడెక్కడ పెడతారో మేస్త్రీ మీకు చూపించి చెప్పగలగాలి. మా మేస్త్రీ మిద్దెకు వెలుతురు కోసం విడిచిన గవాచి చుట్టూ చేయి పెట్టి తడి చూసి, నేను చెప్పకముందే నీరు దిగే చోటు కనిపెట్టారు. ఆ రోజే ఆయనకు పని అప్పగించాము.

మిద్దె వారసుడు:
చాలా ఉపయోగపడే మాటలమ్మా. ఒక విషయం చెప్పడం మరిచాను. వంటింటి వెనకగోడ బీటలు వారిందని పోయిన నెల ఒక మేస్త్రీ పడగొట్టారు. దానిని కూడా కొత్త కాంట్రాక్టరు అంచనాలో చేర్చవచ్చునా?

కర్నూలు ఇంజనీరు:
ఇది మొదటే చెప్పవలసింది. ఆ గోడ జోలికి ఇక వెళ్లకండి. నిషిద్ధ ప్రాంతంలో అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఉన్నది ఉన్నట్లు ఫోటోలు తీసి దరఖాస్తుతో జతచేయండి. కాంట్రాక్టరు ఆ తరువాతే.

సున్నపు గానుగ:
ఆ గోడ ఏ అడుసుతో కట్టారో ఒక ముక్క దాచి ఉంచండి. సున్నమా, ఉత్త మట్టా?

మిద్దె వారసుడు:
మట్టే అనుకుంటాను. రేపు సర్వేయరు వస్తారు, ముందు సరిహద్దు కొలిపిస్తాను. అందరికీ ధన్యవాదాలు.

సున్నపు గానుగ:
ముక్క పారవేయలేదు కదా?