ఫ్రంట్ లోడ్ మిషన్ డోర్ రబ్బరు చిరిగింది: అతికించాలా, మార్చాలా?

రామ్‌నగర్ రెండో అంతస్తు:

మాది ఏడు కేజీల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్. కొని ఎనిమిదేళ్లయింది. పది రోజులుగా డోర్ కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక్కో ఉతుకుకి అర మగ్గు ఉంటాయేమో. సొంత ఇల్లయితే గుడ్డేసి తుడిచి ఊరుకునేవాణ్ణి. కానీ మేం అద్దెకుండేది రెండో అంతస్తులో. మిషన్ పెట్టిన బాల్కనీకి సరిగ్గా కిందే ఓనర్ ఆంటీగారి స్టోర్ రూమ్. సజ్జ మీద ఆవకాయ జాడీలు. స్లాబులో చెమ్మ కనిపించిందని నిన్న పైకి వచ్చి చూసి వెళ్లారు. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు టెన్షన్.

డోర్ చుట్టూ ఉండే బూడిద రంగు రబ్బరు మడత విప్పి చూశాను. గడియారంలో ఏడు అంకె ఉండేచోట గోరంత చీలిక ఉంది. సర్వీస్ సెంటర్ నుంచి వచ్చినతను రబ్బరు 2,600, బిగించడానికి 800 అన్నాడు. చూసి చెప్పినందుకు 400 వేరే తీసుకున్నాడు. మా వీధి చివరి షాపతను 'అంతెందుకన్నా, సిలికాన్ పూసిస్తా, మూడొందలియ్యి' అంటున్నాడు. మా అమ్మది మూడో దారి. సైకిల్ షాపులో పంక్చర్ ప్యాచ్ వేయించమంటోంది. వినగానే నవ్వాను గానీ, ఎందుకు కుదరదో చెప్పలేకపోయాను.

ఎనిమిదేళ్ల మిషన్‌కి 3,400 పెట్టొచ్చా? అతికిస్తే ఎన్నాళ్లు ఆగుతుంది? చేసి చూసినవాళ్లు చెప్పండి.

తార్నాక టీచరమ్మ:

మేం పూశాం బాబూ. మా వారే సిలికాన్ ట్యూబ్ కొనుక్కొచ్చి, శనివారం రాత్రి పూసి, ఆదివారమంతా ఎవర్నీ మిషన్ దగ్గరికి వెళ్లనివ్వలేదు. ఇల్లంతా వెనిగర్ వాసన. సోమవారం నుంచి చుక్క కారలేదు. పది రోజులు ఆయన నడకే మారిపోయింది. పదకొండో రోజు సిలికాన్ మొత్తం తోలు ఊడినట్టు ఒక్క ముక్కగా లేచిపోయి డ్రెయిన్ ఫిల్టర్‌లో ఇరుక్కుంది. నీళ్లు బయటికి పోక మిషన్ మధ్యలో ఆగింది. లోపల మా అమ్మాయి యూనిఫాం. ఆ ఫిల్టర్ తీయడానికొచ్చినతనికి 500 ఇచ్చి, ఆ వారమే రబ్బరు కూడా మార్చుకున్నాం.

పాత మిషన్ల భాయ్:

తమ్ముడూ, వారాసిగూడలో ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని. చీలిక ఎంత ఉందని కాదు, ఎక్కడ ఉందని చూడాలి. ఆ రబ్బరుకి రెండు అంచులుంటాయి. బయటి అంచు ముందు రేకుకి స్ప్రింగ్ తీగతో బిగించి ఉంటుంది, లోపలి అంచు డ్రమ్ము చుట్టూ నీళ్లుండే టబ్బుకి క్లాంపుతో. ముందు రేకు కదలదు. టబ్బు మాత్రం స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి వెయ్యి, పన్నెండొందల చుట్లు తిరిగేటప్పుడు టబ్బు ఊగిపోతుంది. ఆ ఊపంతా మింగేది మధ్యలో ఉన్న మడత. బయటి అంచులో, అదీ పైభాగంలో, సూది బెజ్జం లాంటిదుంటే నేనే అతికించి పంపిస్తాను. నీది మడతలో ఉంది, అదీ కిందివైపు. ఉతుకు అయిపోయాక కూడా అక్కడ నీళ్లు నిలుస్తాయి. రోజూ వంగే చోట, ఎప్పుడూ ఆరని చోట ఏ జిగురూ నిలవదు.

అమ్మగారి మాట తీసిపారేయకు. ట్యూబ్ మీద ప్యాచ్ గట్టిగా ఆగుతుంది, నిజమే. లోపలి గాలి దాన్ని టైరుకేసి నొక్కి పెడుతుంది కాబట్టి. మిషన్‌లో నొక్కిపెట్టేవాళ్లు ఎవరున్నారు? పైగా డోర్ రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం అనే రకంతో చేస్తారు. వేడి నీళ్లకీ సబ్బుకీ లొంగని మొండి రబ్బరు అది. ఆ మొండితనం జిగురు దగ్గర కూడా చూపిస్తుంది.

ఇక డబ్బు విషయం. 2,600 పెట్టేముందు కారేది అక్కడినుంచేనా, ఇంకెక్కడినుంచైనా కూడానా చూసుకో. మిషన్ కింద పాత పేపర్లు పరిచి ఒక ఉతుకు వేసి, దగ్గరే కూర్చో. నీళ్లు ఎక్కేటప్పుడు తడిస్తే లోపలికొచ్చే పైపో, సబ్బు పెట్టో చూడాలి. బట్టలు తిరిగేటప్పుడు ముందువైపు తడిస్తే డోర్ రబ్బరు. నీళ్లు వదిలేటప్పుడైతే పంపు, లేదా బయటికి పోయే పైపు. అసలు మిషన్ వాడకుండానే తడుస్తుంటే కుళాయి దగ్గర చూడు. ఈ చివరిది చాలామంది చూడరు.

ఇంకో సంగతి. ఖాళీ డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకెత్తి చూడు. టకటకమని ఆట ఉంటే, స్పిన్‌లో రోడ్డు రోలర్ మోత వస్తుంటే, వెనకవైపు తుప్పు నీళ్ల చారలుంటే బేరింగ్, సీలు పోయినట్టే. బోరు నీళ్లు వాడే ఇళ్లలో డ్రమ్ముని వెనకనుంచి పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం స్పైడర్ తినేసుకుపోయినవి చాలా చూశాను. కొన్ని మోడళ్లలో టబ్బు విప్పడానికి రాదు, మొత్తం మార్చాలి. అట్లాంటి మిషన్‌కి కొత్త రబ్బరు వేయడం దండగ. డ్రమ్ము గట్టిగా ఉంటే ఎనిమిదేళ్లేం పెద్ద వయసు కాదు, మార్చు.

పేపర్ పరీక్ష అయ్యాక, రబ్బరు మారేదాకా మిషన్ ఆన్ చేయకు. మోటారు, వైర్లు అన్నీ కిందే ఉంటాయి. పరీక్షప్పుడు కూడా తడి నేల మీద నిలబడి మిషన్ ముట్టుకోవద్దు. పేపర్లు తీసేముందు ప్లగ్ పీకెయ్.

ఉప్పల్ ఇంజినీరు:

రబ్బరు గుండ్రంగానే ఉంటుంది కదా, విప్పి సగం చుట్టు తిప్పి బిగిస్తే చీలిక పైకి వెళ్తుంది. పైన నీళ్లు నిలవవు. ఖర్చు సున్నా. యూట్యూబ్‌లో చూశాను.

పాత మిషన్ల భాయ్:

ఇంజినీరు గారూ, ఆలోచన బాగుంది. కానీ ఆ రబ్బరు అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, మడతలో నీళ్లు టబ్బులోకి దిగిపోవడానికి. చాలావాటికి పైన త్రికోణం గుర్తు కూడా ఉంటుంది. తిప్పేస్తే రంధ్రాలు పైకి పోతాయి, కింద నీళ్లు నిలిచి వారంలో మురికి కంపు కొడుతుంది. ఎటూ విప్పి బిగించే కష్టం పడుతున్నాం, కొత్తదే ఎక్కించుకుంటే పోలా?

తమ్ముడూ, కొనేటప్పుడు 'ఏడు కేజీలది' అని అడగకు. డోర్ తెరిస్తే లోపలి అంచు మీద స్టిక్కర్ ఉంటుంది. మోడల్ నంబర్ చివరి అక్షరం దాకా ఫొటో తీసుకెళ్లు. వేరే మోడల్‌ది ఈడ్చి ఎక్కిస్తే ఎక్కినట్టే ఉంటుంది, నెలకి మళ్లీ కారుతుంది.

రామ్‌నగర్ రెండో అంతస్తు:

భాయ్, మీకు ఇరానీ చాయ్ బాకీ.

ఆదివారం పేపర్ మొత్తం పరిచి స్టూలేసుకుని కూర్చున్నాను. బట్టలు తిరగడం మొదలయ్యాక ముందువైపు ఎడమ మూల తడిసింది. అంటే రబ్బరే. డ్రమ్ములో ఆట లేదు, మోత లేదు. అయితే గోడవైపు పరిచిన పేపర్ మిషన్ ఆన్ చేయకముందే తడిసి ఉంది! కుళాయికి పైపు బిగించే చోట వాచర్ అరిగిపోయి, చుక్క చుక్కగా గోడ వెంట దిగుతోంది. ఎన్ని నెలలుగానో తెలీదు. ఆంటీగారి స్లాబులో చెమ్మ ఎక్కడుందో కిందికి వెళ్లి చూశాను. సరిగ్గా ఆ గోడ వెంటే. పది రోజులుగా నేను రబ్బరుని తిట్టుకుంటుంటే, జాడీల మీద పడుతున్నది ఈ చుక్కలు. వాచర్ పది రూపాయలు. ఆ సాయంత్రమే మార్చేశాను.

రబ్బరు మోడల్ నంబర్ చెప్పి అసలుదే తెప్పించాను, 2,600. మా ఆఫీసు సెక్యూరిటీ అన్నకి తెలిసినతను వచ్చి 500కి బిగించాడు. తీగ ఎక్కించడానికే ముప్పావు గంట పట్టింది. యూట్యూబ్ చూసి నేనే చేద్దామనుకున్నాను, చేయనందుకు సంతోషం. పాత రబ్బరు మడతలో ఒక చీర పిన్ను దొరికింది, మన ఊళ్లో చాలా కొట్లవాళ్లు ముఖం తిప్పుకునే ఆ పది రూపాయల బిళ్ల ఒకటి దొరికింది. బిళ్ల నాది. పిన్ను ఎవరిదో ఇంట్లో చర్చకి రాలేదు.

నాలుగు ఉతుకులయ్యాయి, పేపర్ పొడిగానే ఉంది. ఆంటీగారికి కూడా జరిగింది చెప్పేశాను. గోడ ఆరాక సున్నం వేయించాలి, సగం నువ్వు పెట్టుకో అన్నారు. సరే అన్నాను.

పాత రబ్బరు చెత్తబండిలో వేయబోతే అమ్మ లాక్కుంది. బాగా కడిగి, ఎండలో పెట్టి, బాల్కనీలో నీళ్ల రంజన్ కింద చుట్టకుదురుగా వేసింది. చీలిక గోడవైపుకి తిప్పి.